నురగే గుణం, నురగే గండం: సూక్ష్మజీవులు చేసే ‘సబ్బు’ సంగతి

బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియాను ఒక ఫెర్మెంటర్‌లో, అంటే సూక్ష్మజీవులను పెంచే ట్యాంకులో వేసి, చక్కెర, నత్రజని, కొన్ని లవణాలు ఇచ్చి, అడుగు నుంచి గాలి ఊదుతూ ఉంటే మొదటి కొన్ని గంటలు చెప్పుకోదగ్గది ఏమీ జరగదు. తర్వాత నురగ మొదలవుతుంది. ముందు ద్రవం మీద సన్నటి పొర, కాసేపటికి సగం ట్యాంకు, ఇంకాసేపటికి మూత దాకా వచ్చి, అక్కడా ఆగకుండా గాలి బయటికి పోయే గొట్టంలోకి దూరి, చివర ఉన్న ఫిల్టర్‌ను తడిపి మూసేసి, చూసేవాళ్లు లేకపోతే గది నేల మీదికి వచ్చేస్తుంది. పొయ్యి మీద పెట్టి మర్చిపోయిన పాలలాగా అన్నమాట. కాకపోతే ఇక్కడ తగ్గించడానికి మంట లేదు. గాలి ఆపుదామంటే బ్యాక్టీరియాకు ఊపిరాడక పనే మానేస్తుంది.

ఆ నురగకు కారణమైన పదార్థం పేరు సర్ఫాక్టిన్. తమాషా ఏమిటంటే మనకు కావాల్సిన సరుకు కూడా అదే. సరుకు ఎంత బాగా తయారైతే తయారీ అంత కష్టం. ఇలా సూక్ష్మజీవులు చేసే సబ్బు లాంటి పదార్థాల, అంటే బయోసర్ఫాక్టెంట్ల గురించి పర్యావరణానికి మేలు, విషం కాదు, రేపటి పరిశ్రమ అంతా వీటిదే అని రాసినవి బోలెడు కనిపిస్తాయి, వాటిలో చాలావరకు నిజమే కూడా. కానీ అంత మంచివైతే 1940ల నుంచి తెలిసిన ఈ పదార్థాలు ఇన్నేళ్లూ ఇళ్లలోకి ఎందుకు రాలేదు అనే ప్రశ్నను మాత్రం దాటేస్తుంటారు. నాకు ఆసక్తి అక్కడే. జవాబులో సగం ఆ నురగలోనే ఉంది.

ముందు సర్ఫాక్టెంట్ అంటే ఏమిటో

నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా లాక్కుంటాయి. లోపల ఉన్న అణువును అన్ని వైపులా పక్కవాళ్లు లాగుతుంటారు, పై అంచున ఉన్నదానికి మాత్రం పైవైపు ఎవరూ ఉండరు, అందుకే నీటి ఉపరితలం బిగదీసినట్టు ఉంటుంది. దీన్నే తలతన్యత అంటాం. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. యూనిట్ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, 72 అన్న అంకె చాలు.

సర్ఫాక్టెంట్ అణువుకు ఒక తల, ఒక తోక ఉంటాయి. తలకు నీళ్లంటే ఇష్టం, తోకకు నీళ్లంటే పడదు, నూనెలోకో గాలిలోకో పారిపోవాలని చూస్తుంది. ఇలాంటి అణువు నీళ్ల మధ్యలో కుదురుగా ఉండలేదు కాబట్టి పోయి పోయి అంచుకు చేరుతుంది, నీళ్లూ గాలీ కలిసే చోటికో, నీళ్లూ జిడ్డూ కలిసే చోటికో. అంచంతా ఇవి నిండిపోయాక ఆ బిగువు సడలుతుంది. ఇంకా కలుపుతూ పోతే, అంచులో చోటు దొరకనివి నీళ్లలోనే గుంపులు కట్టి, తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టుకుని చిన్న చిన్న ఉండలవుతాయి. వీటి పేరు మైసెల్స్. జిడ్డు వీటి కడుపులో దాక్కుని నీళ్లతో పాటు కొట్టుకుపోతుంది. గిన్నెలు కడగడం వెనక ఉన్న శాస్త్రమంతా దాదాపుగా ఇంతే.

మైసెల్స్ కట్టడం ఎంత తక్కువ గాఢతలో మొదలైతే సరుకు అంత పొదుపు. షాంపూల్లో, టూత్‌పేస్టుల్లో వాడే సోడియం డోడెసైల్ సల్ఫేట్‌కు లీటరు నీళ్లలో సుమారు 2.3 గ్రాములు కావాలి. సర్ఫాక్టిన్‌కు ఇరవై మిల్లీగ్రాముల చుట్టుపక్కల సరిపోతుంది, అంటే నూరో వంతు. ఆ కాస్తతోనే నీటి తలతన్యతను 72 నుంచి 27 దాకా దించేస్తుంది. పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదే.

సర్ఫాక్టెంట్ అనగానే సబ్బే గుర్తొస్తుంది గానీ, మన ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తులు ముడుచుకుపోకుండా కాపాడేదీ ఒక సర్ఫాక్టెంటే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు ఊపిరి అందకపోవడానికి అది చాలకపోవడమే కారణమని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ చూపించారు. జీవులకు ఈ రసాయనం కొత్త కాదు, మనం ఫ్యాక్టరీలో చేయడమే కొత్త.

నదుల మీద నురగ తేలిన రోజులు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సబ్బు స్థానంలోకి పెట్రోలియం నుంచి చేసిన డిటర్జెంట్లు వచ్చాయి. సబ్బు గట్టి నీళ్లలో తెల్లటి మడ్డిలా విరిగిపోతుంది, వీటికి ఆ ఇబ్బంది లేదు, పైగా చవక. అయితే అప్పట్లో ఎక్కువగా వాడిన ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనేట్ అనే పదార్థం తోక చెట్టు కొమ్మలా అక్కడక్కడా చీలి ఉండేది. బ్యాక్టీరియా ఇలాంటి కార్బన్ తోకను చివర నుంచి రెండేసి కార్బన్ల చొప్పున కొరుక్కుంటూ తింటుంది. చీలిక దగ్గరికి రాగానే ఎంజైమ్‌కు పట్టు దొరకదు. ఫలితంగా 1950ల్లో యూరప్‌లో, అమెరికాలో మురుగు శుద్ధి కేంద్రాలు, నదులు నురగ కప్పుకున్నాయి. పశ్చిమ జర్మనీ 1961లో చట్టం చేసి 1964 నుంచి అమలు చేసింది, అమెరికాలో 1965 నాటికి కంపెనీలే చీలికలు లేని నిలువు తోకకు మారిపోయాయి. నురగ తగ్గింది.

ఒక్క తోక ఆకారం మార్చినందుకు ఇంత తేడా! ఇక్కడే ఒక పెద్ద విషయం అర్థమవుతుంది. మనం వాడి పారబోసినదాన్ని చెత్త అనాలా, తిండి అనాలా అన్నది చివరికి తేల్చేది బ్యాక్టీరియా. సూక్ష్మజీవి చేసిన అణువులను ఇంకో సూక్ష్మజీవి తినగలగడానికి అవకాశం ఎక్కువ, ఎందుకంటే చక్కెరలు, అమైనో ఆమ్లాలు, కొవ్వు ఆమ్లాలు వాటికి రోజువారీ తిండే. బయోసర్ఫాక్టెంట్ల మీద ఆశకు అసలు పునాది ఇది, ‘సహజం’ అన్న మాట కాదు.

ఇప్పటి డిటర్జెంట్లు చాలావరకు నేలలో, నీళ్లలో కుళ్లిపోయేవే, అది ఒప్పుకోవాలి. అయినా వాటికి వేరే చిక్కులు ఉన్నాయి. ఎస్‌ఎల్‌ఈఎస్ (సోడియం లారెత్ సల్ఫేట్) లాంటి వాటిని చేసేటప్పుడు ఎథాక్సిలేషన్ అనే మెట్టులో 1,4-డయాక్సేన్ అనే పదార్థం కొద్దిగా పుడుతుంది, క్యాన్సర్ కలిగించే అవకాశం ఉందని దీని మీద అనుమానం. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం ఇంటి శుభ్రతకు వాడే వస్తువుల్లో దీన్ని 2023 చివరి నుంచి పది లక్షల్లో ఒక వంతుకు పరిమితం చేసింది. ఇక తోక కోసం వాడే ముడిసరుకు పెట్రోలియం, లేదంటే తాటి జాతి చెట్ల నూనెలు. ఆ నూనె తోటల కోసం అడవులు నరకడం గురించి అందరికీ తెలిసిందే.

ఇంకో అయోమయం కూడా తీర్చేస్తాను. సీసా మీద ‘మొక్కల నుంచి చేసినది’ అని ఉన్నంత మాత్రాన అది బయోసర్ఫాక్టెంట్ కాదు. ఆల్కైల్ పాలీగ్లూకోసైడ్ అనేదాన్ని చక్కెరనూ, నూనె నుంచి వచ్చిన ఫ్యాటీ ఆల్కహాల్‌నూ రియాక్టర్‌లో కలిపి రసాయన పద్ధతిలో చేస్తారు. మంచి పదార్థమే, చర్మానికి మెత్తనిదే, కానీ దాన్ని అతికించింది ఉత్ప్రేరకం, జీవకణం కాదు. ఈ వ్యాసంలో బయోసర్ఫాక్టెంట్ అంటే బ్యాక్టీరియానో ఈస్టో తన ఒంట్లో తయారుచేసి బయటికి వదిలినదే.

వాటికి ఇదెందుకు?

మన గిన్నెలు కడగడానికైతే కాదు. సూడోమోనాస్ ఎరుజినోసా అనే బ్యాక్టీరియానే తీసుకోండి. నీళ్లలో బతుకుతుంది, తిండి నూనె చుక్కలో ఉంది. తాను చేసే సర్ఫాక్టెంట్, అంటే చక్కెర తల, కొవ్వు ఆమ్లం తోక ఉన్న రామ్నోలిపిడ్ వదిలితే ఆ నూనె చిన్న చిన్న చుక్కలుగా విడిపోయి నోటికి అందుతుంది. అంతేకాదు, తడి ఉపరితలం మీద గుంపుగా జారుకుంటూ పోవడానికీ, తాము కట్టుకున్న జిగురు కాలనీలో నీళ్ల దారులు మూసుకుపోకుండా ఉంచుకోవడానికీ, పక్కన ఉన్న శత్రువులను చంపడానికీ అదే పనికొస్తుంది. పైగా ఒంటరిగా ఉన్నప్పుడు దీన్ని వదలదు. చుట్టూ తనవాళ్లు ఎంతమంది ఉన్నారో రసాయన సంకేతాలతో లెక్క చూసుకుని, గుంపు పెరిగాకే వదులుతుంది. ఒక్కతే వదిలితే నీళ్లలో కలిసిపోయి వృథా, అందరూ కలిసి వదిలితేనే పని జరుగుతుంది.

బాసిల్లస్ పద్ధతి వేరు. సర్ఫాక్టిన్ అంటే ఏడు అమైనో ఆమ్లాలు, ఒక కొవ్వు ఆమ్లం కలిసి కట్టిన ఉంగరం. మామూలుగా ప్రొటీన్లు రైబోజోమ్ మీద తయారవుతాయి, ఇది అలా కాదు. దీనికోసం ప్రత్యేకంగా భారీ ఎంజైమ్‌ల వరుస ఒకటి ఉంటుంది, ఒక్కో స్టేషన్ ఒక్కో అమైనో ఆమ్లాన్ని తగిలిస్తూ పోతుంది, అచ్చం కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైన్ లాగా. దీన్ని 1968లో జపాన్‌కు చెందిన అరిమా, కకినుమా, తమురా బయటపెట్టారు. వాళ్లు దీన్ని సబ్బుగా మాత్రమే చూడలేదు, రక్తం గడ్డకట్టకుండా ఆపే పదార్థంగా కూడా పరీక్షించారు.

ప్రపంచమంతా ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే బాసిల్లస్ సబ్టిలిస్ రకం 168. ఆ రకానికి సర్ఫాక్టిన్ చేయడం చేతకాదు! అసెంబ్లీ లైన్ మొత్తం ఉంది, దాన్ని స్టార్ట్ చేసే ఎంజైమ్‌కు సంబంధించిన ఎస్‌ఎఫ్‌పీ అనే జన్యువు మాత్రం చెడిపోయి ఉంది. ఫ్యాక్టరీ ఉండి తాళంచెవి పోయినట్టు. మంచి జన్యువును తిరిగి పెడితే వెంటనే సర్ఫాక్టిన్ వస్తుంది. ఏళ్ల తరబడి ట్యూబుల్లో హాయిగా పెంచితే అడవి గుణాలు ఇలాగే పోతాయి, ఎందుకంటే అక్కడ పోట్లాడాల్సిన శత్రువే లేదు కదా.

ఈస్టుల్లో పేరున్నది స్టార్మెరెల్లా బాంబికోలా. పేరులోనే ఊరుంది, బంబుల్ బీ జాతి ఈగల తేనెలో దొరికిన ఈస్టు ఇది. తీపి, నూనె రెండూ పెడితే సోఫోరోలిపిడ్ అనే సర్ఫాక్టెంట్‌ను కుమ్మరిస్తుంది. ఈ కుటుంబాన్ని 1961లో కెనడాలో మొదట వర్ణించారు. తాను వాడుకోలేనంత తిండి దొరికినప్పుడు, ఇతరులకు సులభంగా అరగని రూపంలో మార్చి బయట దాచుకోవడం, దగ్గరికొచ్చిన పోటీదారులను అదే పదార్థంతో అణచడం, ఈ రెండూ దీని ఎత్తుగడలని అనుకుంటున్నారు.

ఎమల్సాన్ అని ఇంకొకటి ఉంది, టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో రోసెన్‌బర్గ్, గట్నిక్ బృందం అసినెటోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా నుంచి తీసింది. ఇది చాలా పెద్ద అణువు, తలతన్యతను పెద్దగా దించదు, కానీ నూనె చుక్కల చుట్టూ కవచంలా అంటుకుని అవి మళ్లీ కలవకుండా ఆపుతుంది. బిగువు తగ్గించడం ఒక పని, విడగొట్టినదాన్ని విడిగానే ఉంచడం ఇంకో పని. అన్నిటినీ ‘బయోసర్ఫాక్టెంట్’ అనే ఒకే గంపలో వేసి మాట్లాడితే ఈ తేడా పోతుంది, ఏది ఎక్కడ వాడాలో కూడా తెలియకుండా పోతుంది.

సహజం అంటే మెత్తనిదని కాదు

ఇది కాస్త గట్టిగానే చెప్పాలి. మట్టిలో బయోసర్ఫాక్టెంట్ చేసే బ్యాక్టీరియాను వెతకడానికి వాడే పాత పద్ధతుల్లో ఒకటి ఏమిటో తెలుసా? రక్తం కలిపిన అగార్ ప్లేటు మీద పెంచి, ఏ కాలనీ చుట్టూ ఎర్ర కణాలు పగిలి తెల్లటి వలయం పడిందో చూడటం. కణం పొర కూడా కొవ్వు పొరే, జిడ్డును విడగొట్టేది దాన్నీ విడగొట్టగలదు. సర్ఫాక్టిన్‌కు రక్తకణాలను పగలగొట్టే గుణం గట్టిగానే ఉంది, మందుగా మార్చాలనుకున్నవాళ్లకు పెద్ద అడ్డంకి అదే. రామ్నోలిపిడ్ అయితే సూడోమోనాస్ మనుషుల్లో జబ్బు చేసేటప్పుడు వాడే ఆయుధాల్లో ఒకటి. గిన్నెల ద్రవంలో ఉండే మోతాదు వేరు, అక్కడ ఇవి నిజంగానే చర్మానికి మెత్తగా ఉంటాయి. నేను అనేదల్లా మోతాదు, చోటు చూడకుండా ‘ప్రకృతి నుంచి వచ్చింది కాబట్టి సేఫ్’ అనేయొద్దని.

జబ్బు చేసే బ్యాక్టీరియాతో టన్నుల లెక్కన సరుకు చేయడం ఏ ఫ్యాక్టరీకైనా టెన్షనే. అందుకే రామ్నోలిపిడ్ చేసే జన్యువులను తీసి సూడోమోనాస్ పుటిడా అనే అపాయం లేని దూరపు చుట్టంలో పెట్టారు. జర్మనీకి చెందిన ఎవోనిక్ కంపెనీ ఈ దారిలోనే వెళ్లి, స్లొవాకియాలోని స్లొవెన్స్కా లూప్చాలో పారిశ్రామిక స్థాయి రామ్నోలిపిడ్ ప్లాంటును 2024లో ప్రారంభించింది. దీనికి తిండి మొక్కజొన్న నుంచి తీసిన చక్కెర. తలకు కావాల్సిన రామ్నోస్ చక్కెరనూ, తోకకు కావాల్సిన కొవ్వు ఆమ్లాన్నీ ఆ గ్లూకోజ్ నుంచే కణం తయారుచేసుకుంటుంది, తాటి జాతి నూనెతో పని లేదు. చక్కెరను కొవ్వుగా మార్చేటప్పుడు కొంత కార్బన్ డయాక్సైడ్‌గా ఎగిరిపోతుంది, కాబట్టి పెట్టిన చక్కెరంతా సరుకు కాదు. ఆ నష్టాన్ని భరించి మరీ నూనెను వదులుకోవడం అన్నది తెలిసి చేసిన బేరం.

ఎక్కడ పనికొస్తున్నాయి

గిన్నెల సబ్బుతో మొదలుపెడదాం. యూనిలీవర్ 2019లో చిలీలో తన క్విక్స్ బ్రాండ్ గిన్నెలు కడిగే ద్రవంలో రామ్నోలిపిడ్ వాడింది. రామ్నోలిపిడ్‌కు నురగ బాగా వస్తుంది, చేత్తో కడిగేవాళ్లకు నురగ కనిపిస్తేనే శుభ్రమైనట్టు అనిపిస్తుంది. నిజానికి నురగకూ శుభ్రతకూ అంత సంబంధం లేదు, మైసెల్స్ కంటికి కనపడవు, నురగ కనపడుతుంది, అంతే తేడా. సోఫోరోలిపిడ్‌కు నురగ తక్కువ, కాబట్టి అది మెషీన్లలో వాడే డిటర్జెంట్లకూ నేల తుడిచే ద్రవాలకూ నప్పుతుంది. జపాన్‌లో సరాయా, యూరప్‌లో ఎకోవర్ దీన్ని వాడిన కంపెనీలు. ఫ్యాక్టరీలో తలనొప్పిగా ఉన్న నురగ దుకాణంలో అమ్మకపు గుణం కావడం నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది.

ముడిచమురు దగ్గరికి వస్తే కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. చమురు నిల్వ ట్యాంకుల అడుగున ఏళ్లకేళ్లు మడ్డి పేరుకుపోతుంది, దాన్ని తీయడానికి మనుషులు లోపలికి దిగాలి, అది ప్రమాదకరమైన పని. 1991లో వెలువడిన ఒక ప్రయోగంలో కువైట్ ఆయిల్ కంపెనీ ట్యాంకులో బయోసర్ఫాక్టెంట్ ఉన్న ద్రవాన్ని తిప్పి, మడ్డిలో చిక్కుకున్న చమురులో దాదాపు 90 శాతం వెనక్కి రాబట్టారు. ఇక్కడ సరుకు శుద్ధంగా ఉండక్కర్లేదు, బ్యాక్టీరియా పెరిగిన ద్రవాన్ని పెద్దగా వడకట్టకుండానే పోయొచ్చు, వచ్చిన చమురు అమ్ముకుంటే ఖర్చు తిరిగొస్తుంది. లెక్క తేలే వాడకం అంటే నా దృష్టిలో ఇలాంటిది.

సముద్రంలో ఒలికిన చమురు సంగతి అంత సులభం కాదు. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి అలాస్కా తీరంలో సుమారు 4 కోట్ల లీటర్ల చమురు ఒలికింది. ఆ తీరపు గులకరాళ్ల మీద సూడోమోనాస్ సర్ఫాక్టెంట్‌ను ప్రయోగశాలలో పరీక్షిస్తే ఉత్త నీళ్ల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ నూనె వదిలింది. అయితే ఆ ఫలితం 30 డిగ్రీలు, అంతకంటే పై వేడిలో వచ్చింది, అలాస్కా సముద్రమేమో చల్లటిది. తీరాన్ని శుభ్రం చేయడంలో అక్కడ నిజంగా వాడిన జీవ పద్ధతి ఎరువులు చల్లి, అక్కడే ఉన్న బ్యాక్టీరియాను పెంచడం. 2010లో డీప్‌వాటర్ హొరైజన్ చమురు రిగ్గు ప్రమాదంలో సుమారు 70 లక్షల లీటర్ల రసాయన డిస్పర్సెంట్లు (చమురును చిన్న చుక్కలుగా విడగొట్టేవి) వాడారు, అవి సముద్ర జీవులకు చేసిన కీడు ఎంత అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. బయోసర్ఫాక్టెంట్ చల్లితే అన్నీ సర్దుకుంటాయా అంటే, దానిలోనూ ఒక మెలిక ఉంది. కొన్నిసార్లు బ్యాక్టీరియా కష్టమైన చమురును పక్కన పెట్టి తేలిగ్గా అరిగే సర్ఫాక్టెంట్‌నే ముందు తినేస్తుంది. వండినవాడు తినకముందే పిల్లి తినేసినట్టు.

బావుల్లో మిగిలిన చమురును సూక్ష్మజీవులతో తీయొచ్చన్న ఆలోచన 1926 నుంచీ ఉంది. మామూలు పద్ధతులు అయిపోయాక కూడా సగానికి పైగా చమురు రాళ్ల సందుల్లో మిగిలిపోతుంది కాబట్టి ఆశ సహజమే. కానీ లోపల వేడి, ఉప్పు, ఒత్తిడి ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, ఒక బావిలో పనిచేసింది పక్క బావిలో పనిచేస్తుందన్న భరోసా లేదు. పైగా మరింత చమురు తవ్వడానికి వాడేదాన్ని ‘పచ్చ’ అని పిలవడానికి నాకైతే మనసొప్పదు.

వ్యవసాయంలో ఒక వాడకం చాలా అందంగా ఉంటుంది. ఫైటోఫ్తోరా, పిథియం లాంటి తెగుళ్ల జీవులు నీళ్లలో ఈదుకుంటూ వచ్చే జూస్పోర్ల రూపంలో వేళ్ల మీద పడతాయి. ఆ దశలో వాటికి గట్టి కణ గోడ ఉండదు, పలచటి పొర మాత్రమే. రామ్నోలిపిడ్ ఆ పొరలో దూరగానే జూస్పోరు చిటికెలో పగిలిపోతుంది, గోడ ఉన్న మొక్క కణానికి ఆ ఇబ్బంది ఉండదు. 1997లో స్టాంగెలిని, మిల్లర్ దీన్ని వివరించారు, 2004లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఒక రామ్నోలిపిడ్ శిలీంధ్రనాశినిని నమోదు చేసుకుంది. శత్రువు ఎక్కడ బలహీనంగా ఉన్నాడో అక్కడే కొట్టే మందు, తర్వాత మట్టిలో అరిగిపోయే మందు. సీసం, కాడ్మియం లాంటి లోహాలను రామ్నోలిపిడ్ తల పట్టుకోగలదు కాబట్టి కలుషితమైన మట్టిని కడగడానికీ ప్రయత్నాలు జరిగాయి. కాస్మెటిక్స్‌లో ఎంఈఎల్ (మానోసిల్ ఎరిత్రిటాల్ లిపిడ్) అనే ఈస్టు పదార్థాన్ని చర్మంలో తేమ నిలపడానికి వాడుతున్నారు, అక్కడ కొద్ది గ్రాములకే మంచి ధర వస్తుంది కాబట్టి తయారీ ఖర్చు గొడవ తక్కువ.

మళ్లీ నురగ దగ్గరికి

ఖర్చంటే చాలామంది బ్యాక్టీరియాకు పెట్టే తిండి గురించే ఆలోచిస్తారు. అందుకే వాడిపారేసిన వంటనూనె, చెరకు మడ్డి, పాల విరుగుడు నీళ్లతో చేశామని పరిశోధనా పత్రాలు కుప్పలుగా వస్తుంటాయి. వినడానికి బాగుంటుంది. అయితే వాడిన నూనె ఈ రోజు ఒకలా, రేపు ఇంకోలా ఉంటుంది, రంగు, వాసన, కాలిన పదార్థాలు అన్నీ సరుకులోకి వస్తాయి. వాటిని తీయడానికి అయ్యే ఖర్చు, తిండి మీద మిగిల్చినదాన్ని మింగేస్తుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? చమురు ట్యాంకుల మడ్డి శుభ్రం చేసే పనికైతే పర్వాలేదు, ముఖానికి రాసుకునేదానికి కుదరదు. వ్యర్థాలను వాడొద్దని అనడం లేదు, ఏ వ్యర్థం ఏ సరుకుకు అన్నది ముందే తేల్చుకోవాలంటున్నాను.

అసలు డబ్బు పోయేది ఫెర్మెంటర్ తర్వాత. పలచటి ద్రవంలోంచి సరుకును విడదీయడానికి, శుద్ధి చేయడానికి మొత్తం ఖర్చులో సగానికి పైగా పోతుందని సాధారణంగా లెక్కలు చెప్తాయి. సర్ఫాక్టిన్ లీటరుకు కొన్ని గ్రాములే వస్తుంది, అంటే మిగతాదంతా నీళ్లే, ఆ నీళ్లన్నిటినీ వేడిచేసి, సూక్ష్మజీవులు లేకుండా చేసి, తిప్పి, చివరికి పారబోయాలి. సోఫోరోలిపిడ్ మాత్రం లీటరుకు 300 గ్రాములు దాటిన సందర్భాలు ఉన్నాయి. ముందుగా మార్కెట్లోకి వచ్చినవాటిలో అదొకటి కావడం యాదృచ్ఛికం కాదు.

నురగను ఆపడానికి యాంటీఫోమ్ వేస్తారు. అది కూడా ఉపరితలం మీద పనిచేసే పదార్థమే, సిలికోన్ లేదా నూనె, చివరికి సరుకుతో కలిసిపోయి దాన్ని విడదీయడం ఇంకో తలనొప్పి అవుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. కొన్ని బృందాలు నురగతో పోట్లాట మానేసి దాన్నే వాడుకోవడం మొదలుపెట్టాయి. సర్ఫాక్టెంట్ సహజంగానే బుడగ అంచుకు చేరుతుంది కదా, కాబట్టి నురగలో దాని గాఢత కింద ద్రవంలో కంటే చాలా ఎక్కువ. పైకి వచ్చిన నురగను పక్క పాత్రలోకి పోనిచ్చి, అక్కడ కూలనిస్తే సగం శుద్ధి అయిపోయినట్టే. దీనికి ఫోమ్ ఫ్రాక్షనేషన్ అని పేరు. సర్ఫాక్టిన్‌కు, రామ్నోలిపిడ్‌కు ఇది బాగా కుదురుతుంది, ఆ తర్వాత ఆమ్లం కలిపి పీహెచ్‌ను 2 దాకా దించితే సరుకు అడుగున పడుతుంది. అయితే నురగతో పాటు బ్యాక్టీరియా కూడా కొట్టుకొస్తుంది, దాన్ని మళ్లీ ట్యాంకులోకి పంపించే ఏర్పాటు లేకపోతే పనివాళ్లే తగ్గిపోతారు.

సోఫోరోలిపిడ్‌తో ఇంకా తేలిక. అది కొంత మేర పేరుకోగానే విడి పొరగా మారి, ట్యాంకులో పరిస్థితిని బట్టి మునుగుతుంది లేదా తేలుతుంది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆ పొరను ఫెర్మెంటర్ నడుస్తుండగానే బరువు తేడాతో తీసేసి, మిగిలిన ఈస్టును తిరిగి లోపలికి పంపే పద్ధతి తయారుచేశారు, ఆ పని నుంచే హోలిఫెర్మ్ అనే కంపెనీ పుట్టింది. ట్యాంకులో సరుకు పేరుకుపోయి జావలా చిక్కబడితే గాలి కలవదు, తిప్పడానికి కరెంటు ఎక్కువ, కాబట్టి ఎప్పటికప్పుడు తీసేయడం వల్ల ఒకే బ్యాచ్‌ను ఎక్కువ రోజులు నడపొచ్చు. జన్యువులు మార్చడం గురించి వార్తలు రాసినంతగా ఇలాంటి గొట్టాలు, పంపుల పని గురించి ఎవరూ రాయరు. ధర దింపేది మాత్రం ఎక్కువగా ఇదే.

మరి కొనేవాళ్లు ఏం చూడాలి? సీసా మీద బయోసర్ఫాక్టెంట్ ఉందని రాసి ఉంటే, ఎంత ఉందో అడగండి. చాలా ఉత్పత్తుల్లో ఇది మామూలు సర్ఫాక్టెంట్లతో కలిసి కొద్ది శాతమే ఉంటుంది. అది మోసమేమీ కాదు, రెండూ కలిస్తే కొన్నిసార్లు విడివిడిగా కంటే బాగా పనిచేస్తాయి, మొత్తం మోతాదు కూడా తగ్గించొచ్చు. తయారుచేసేవాళ్లనైతే ఇంకో ప్రశ్న అడగాలి: ట్యాంకు తిప్పడానికి, స్టెరిలైజ్ చేయడానికి, ఆరబెట్టడానికి వాడిన కరెంటు, ఆవిరి ఎక్కడి నుంచి వచ్చాయి? బొగ్గు మీద నడిచే ఫెర్మెంటర్ నుంచి వచ్చిన రామ్నోలిపిడ్ నదిలో చక్కగా అరిగిపోతుంది, దాని పొగ మాత్రం గాల్లోనే ఉంటుంది.